ఖాళీ చేయమనే మాటకీ ఒక పద్ధతుండాలి

బాడుగింట్లో ఉన్నవాళ్ళకి గుండె జారిపోయే మాట ఒకటుంది. 'వచ్చే నెలకి ఖాళీ చేయండమ్మా' అనేది. ఈ మాట ఇంటి మగవాళ్ళకి చెప్పడం తక్కువే చూడండి. ఆయన ఆఫీసుకో, కొట్టుకో వెళ్ళాక, నీళ్ళ కుళాయి దగ్గరో, బట్టలారేసుకునే మిద్దె మీదో ఇంటామె వచ్చి ఇల్లాలి చెవిన వేసిపోతుంది. చెప్పేదీ ఆడమనిషే, వినేదీ ఆడమనిషే. అగ్రిమెంటు అంటూ ఏదైనా ఉంటే మాత్రం అందులో ఈ ఇద్దరి పేర్లూ ఉండవు. అటు వాళ్ళాయన పేరు, ఇటు వీళ్ళాయన పేరు!

ఇల్లు బాడుగకి తీసుకునేటప్పుడు మనం అన్నీ మాట్లాడుకుంటాం. బాడుగెంత, అడ్వాన్సెంత, కరెంటు మీటరు విడిగా ఉందా, మోటారు ఎవరు వేయాలి, బండి ఎక్కడ పెట్టుకోవాలి, మాంసం వండుకోవచ్చా లేదా... ఒక్కటీ వదలం. కానీ రేపు ఇల్లు విడిచేటప్పుడు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఎందుకని చెప్పాలి, అడ్వాన్సు ఎప్పుడు తిరిగివ్వాలి అన్న సంగతి మాత్రం అశుభం పలికినట్టు ఎవరూ ఎత్తరు. గొడవలన్నీ పుట్టేది అక్కడే. నేననేది ఒక్కటే. ఇంట్లోకి రావడానికి ఎంత మాట్లాడుకుంటామో, పోవడానికీ అంతే మాట్లాడుకోవాలి. అది కాగితం మీద ఉండాలి. ఆ కాగితంలో ఆ ఇంట్లో బతికే ఆడమనిషి పేరు కూడా ఉండాలి.

రెండు వైపుల నుంచీ చూసినదాన్ని కాబట్టి ఈ మాట చెబుతున్నాను. పెళ్ళయి నంద్యాలకి వచ్చాక పదిహేడేళ్ళలో అయిదు బాడుగిళ్ళు మారాం. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న ఆళ్ళగడ్డలో మా అమ్మ, నాన్న కట్టించిన ఇంటి వెనక వాటాలో తానుంటూ, ముందు వాటా బాడుగకిస్తుంది. అంటే ఇక్కడ నేను బాడుగకున్నదాన్ని, అక్కడ ఇంటామె కూతుర్ని. ఇక్కడ నా కళ్ళల్లో నీళ్ళు తిరిగిన కారణాలే అక్కడ మా అమ్మ నిద్ర పోగొట్టాయి.

ఇల్లు మారడం అంటే సామాను మార్చడం కాదు

సంజీవనగర్లో ఒకింట్లో అయిదేళ్ళున్నాం. ఒక్క నెల బాడుగ ఆపలేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. మంచిదే, సంతోషించాం. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు. మా వీధుల్లో టులెట్ బోర్డులు కనిపించడం మానేశాయి. ఆ దసరా సెలవులయ్యాక ఇంటామె వచ్చి, "మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చేస్తున్నాడమ్మా, నెలాఖరుకి ఇల్లు చూసుకోండి" అంది. సొంతానికి కావాలంటే ఇవ్వక తప్పదు, ఇల్లు వాళ్ళది. కానీ నెలాఖరంటే పంతొమ్మిది రోజులు. పాప అప్పుడు పదో తరగతి.

"మార్చి పరీక్షలయ్యేదాకా ఆగండక్కా" అని బతిమాలాను. "మాకూ అవసరమే కదమ్మా" అంది. ఖాళీ చేశాం. రెండు వారాలు తిరక్కుండానే ఆ ఇంట్లో కొత్తవాళ్ళు దిగారు, మేమిచ్చేదానికి రెండు వేలు ఎక్కువకి. అబ్బాయి రానే లేదు. బాడుగ పెంచమని నేరుగా అడిగుంటే మేం ఒప్పుకునేవాళ్ళమో, మా స్తోమతకి మించితే మెల్లగా వేరే ఇల్లు చూసుకునేవాళ్ళమో. అడ్వాన్సులో సున్నాలకింత, కుళాయికింత, గోడకి కొట్టిన మేకులకింత అని కోసేసి, మిగిలింది మూడు దఫాలుగా ఇచ్చారు. ఏ లెక్కకీ కాగితం లేదు, అడిగితే మనమే గయ్యాళులం.

ఇల్లు మారడం అంటే ఆటో ట్రాలీ మాట్లాడి బీరువా ఎక్కించడం అనుకుంటారు మగవాళ్ళు. పిల్లల బడి ఆటో మారాలి. పాలవాడు, గ్యాస్ బండ చిరునామా, కొళాయి వచ్చే టైము, అన్నీ కొత్తగా మొదలవ్వాలి. ఆషాఢమనీ శూన్యమాసమనీ, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉందనీ పెద్దలు ఒప్పుకోరు. ఇంటివాళ్ళేమో 'ఇవన్నీ సాకులు' అంటారు. ఆ నమ్మకాల్లో నిజమెంతో గానీ, అత్తగారికీ ఇంటామెకీ మధ్య నలిగేది మాత్రం కోడలే.

వీటన్నిటికీ మించింది కొత్త ఇల్లు వెతకడం. గేటు దగ్గర నిలబెట్టే అడుగుతారు. "మీరేమిట్లు?" "ఇంట్లో ఎంతమంది?" "చుట్టాలు ఎక్కువగా వస్తారా?" పేరు చూసి మొహం మీదే తలుపేసే ఇళ్ళున్నాయి. మొగుడు లేని మనిషైతే "మగదిక్కెవరూ లేరా?" అంటారు. మొగుడితో విడిపోయిందైతే సరే సరి. బ్యాంకు కోచింగుకి నంద్యాలొచ్చి గది కోసం తిరిగే ఆడపిల్లలకీ ఈ ప్రశ్నలు తప్పవు. అందుకే ఒకసారి దొరికిన ఇల్లంటే మనకంత భయంతో కూడిన ప్రేమ. 'ఖాళీ చేయండి' అన్న మాట మనల్ని మళ్ళీ ఆ గేటు ముందుకి నెడుతుంది.

మా పాత వీధిలో ఒకమ్మాయి, తొమ్మిదో నెల. ఆ కుటుంబం ఖాళీ చేయడానికి రెండు నెలలు గడువడిగితే, ఇంటాయన ఒక మధ్యాహ్నం వచ్చి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోయాడు. మే నెల ఎండ నంద్యాలలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ పిల్ల విసనకర్ర పట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజు పుట్టింటికి పంపేశారు. ఇంటాయనకి తన ఇల్లు తనకి రావాలన్న కోరిక న్యాయమే కావచ్చు. దానికోసం గర్భిణి మీద ప్రయోగించిన పద్ధతి న్యాయమా? మీరే చెప్పండి.

ఇంటామెలందరూ రాక్షసులు కారు

ఇప్పుడు అటు వైపు చూద్దాం. మా నాన్న పోయాక అమ్మకి ఆధారం ఆ ముందు వాటా బాడుగే. బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, పండక్కి మనవళ్ళ చేతిలో పెట్టే వంద నోటు, అన్నీ అందులోంచే. నాన్న బతికున్నప్పుడే ఒక కుటుంబానికి నోటిమాట మీద ఇచ్చారు. ఆళ్ళగడ్డలో ఒకరికొకరు తెలియనివాళ్ళెవరు, కాగితమెందుకనుకున్నారు. నాన్న పోయిన అయిదో నెల నుంచి వాళ్ళాయన బాడుగ ఆపేశాడు. అడిగితే, "పెద్దమ్మా, వ్యాపారం బాగాలేదు, ఏడికి పోతాంలే" అంటాడు. అలా పధ్నాలుగు నెలలు.

అమ్మ గట్టిగా అడగలేదు. ఎందుకంటే ఆ ఇంట్లోని అమ్మాయి రోజూ అమ్మకి కూర గిన్నె పంపేది. జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ పిల్లే. బాడుగ ఎగ్గొడుతున్నది మొగుడు, మొహం చాటేసుకుని తిరుగుతున్నది పెళ్ళాం. వీధి పెద్దల్ని పిలిస్తే, "ఎన్నాళ్ళ నుంచో ఉంటున్నా, కోర్టుకి పోతా, అప్పుడు పదేళ్ళయినా కదిలించలేరు" అన్నాడట. ఒంటరి ఆడదానికి ఆ ఒక్క మాట చాలు, నిద్ర పోవడానికి.

చివరికి ఒక వకీలమ్మ సలహాతో రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టాం. మూడు నెలల గడువు. అడ్వాన్సు పాత బాకీలో జమ. మిగిలిన బాకీలో సగం అమ్మ వదులుకుంది, సగం నెలకింత చొప్పున కట్టాలి. ఇల్లు ఏ తేదీకి ఖాళీ చేసేదీ తేదీతో సహా రాశాం. ఆయన సంతకం పెట్టాక ఆ అమ్మాయి, "నేనూ పెడతానక్కా" అని ముందుకొచ్చింది. గడువు కంటే వారం ముందే ఇల్లు చూసుకుని, కడిగి, తాళంచెవి అమ్మ చేతిలో పెట్టిందీ ఆమే. అందుకే అంటున్నాను, ఆడవాళ్ళ పేర్లు కాగితంలో ఉండాలని. ఇల్లు నడిపేది ఎవరో మాట నిలబెట్టేదీ వాళ్ళే.

చట్టం ఏమంటుంది?

మన ఊళ్ళలో రెండు నమ్మకాలు బలంగా పాతుకుపోయాయి. ఒకటి, 'బాడుగకి పెట్టినవాళ్ళు పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుంది' అని. ఈ భయంతోనే చాలామంది ఇంటివాళ్ళు ఎంత మంచివాళ్ళున్నా రెండేళ్ళకోసారి ఖాళీ చేయిస్తారు. పన్నెండేళ్ళ లెక్క యజమాని హక్కునే కాదని, ఆస్తి తనదేనంటూ బాహాటంగా అనుభవించేవాడికి సంబంధించింది. ఓనరు ఒప్పుకోలుతో బాడుగ కడుతూ ఉండేవాళ్ళు ఇరవై ఏళ్ళున్నా బాడుగవాళ్ళే. ఇది తెలిస్తే సగం ఇళ్ళు కారణం లేకుండా ఖాళీ అవ్వవు.

రెండో నమ్మకం, 'పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోతే సామాను బయట పడేయొచ్చు' అని. ఏడాది దాటిన లీజుని రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిప్పటా తప్పించుకోవడానికి వచ్చిన అలవాటే ఈ పదకొండు నెలలు. గడువు అయిపోయినంత మాత్రాన బలవంతంగా గెంటే హక్కు ఎవరికీ రాదు. పోమంటే పోకపోతే ఇంటివాళ్ళు వెళ్ళాల్సింది కోర్టుకి. పోలీసు స్టేషనుకో, నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని గుమ్మం ముందుకో కాదు. న్యాయప్రకారం కాకుండా గెంటేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లో చేరే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఉంది.

నోటీసు సంగతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. నెలనెలా బాడుగ కట్టే ఇంటికి, వేరే ఒప్పందం లేకపోతే, పదిహేను రోజుల ముందు సంతకంతో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఇది రెండు వైపులకీ వర్తిస్తుంది. అంటే కుళాయి దగ్గర చెవిలో వేసిన మాట నోటీసు కాదు. మనం కూడా రాత్రికి రాత్రి తాళం వేసి పోవడం పద్ధతి కాదు. అయితే ఆ పదిహేను రోజులు బడి పిల్లలున్న ఇంటికి ఏమూలకి? ఒప్పందంలో వేరేగా రాసుకోవచ్చని చట్టమే అంటోంది కాబట్టి, రెండు నెలలో మూడు నెలలో మనమే రాసుకోవాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం ఇంకా ముందుకెళ్ళింది. కావాలని బాడుగ ఎగ్గొట్టడం, ఓనరు ఒప్పుకోకుండా వేరేవాళ్ళకి అద్దెకివ్వడం, ఇల్లు పాడుచేయడం, ఓనరుకి నిజంగా సొంతానికి అవసరమవ్వడం... ఇలా కారణం చూపించి కోర్టులో ఆర్డరు తెచ్చుకోవాలి. సొంతానికని ఖాళీ చేయించి అందులో చేరకపోతే, పాతవాళ్ళు తిరిగి ఇల్లడగొచ్చు. నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. బాడుగ తీసుకోనని మొండికేస్తే ఏ బ్యాంకులో కట్టాలో చెప్పమని నోటీసివ్వొచ్చు, చెప్పకపోతే మనియార్డరు చేయొచ్చు.

కానీ ఆ చట్టం వర్తించింది మున్సిపాలిటీల్లోనే. నంద్యాల మున్సిపాలిటీ 1899 నాటిది. ఆళ్ళగడ్డ 2010 దాటేదాకా పంచాయతీ. ఒకే రోడ్డు మీదున్న రెండూళ్ళలో, నంద్యాల ఇల్లాలికి ఉన్న రక్షణ ఆళ్ళగడ్డ ఇల్లాలికి ఉండేది కాదు. నంద్యాలలో మాత్రం ఎన్నాళ్ళుంది? 2005లో సవరణ చేసి, కార్పొరేషన్లు కాని ఊళ్ళలో రెండు వేలు దాటిన బాడుగలని ఆ చట్టం పరిధిలోంచి తీసేశారు. తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్ అద్దె ఇళ్ళకీ భవనాలకీ కొత్త చట్టం చేసుకుంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకి పంపింది. అందులో నాకు నచ్చినవి చెబుతాను. ఒప్పందం రాతలో ఉండి తీరాలి. ఉండే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించకూడదు. ఇల్లు అప్పగించినప్పుడే బాకీలు పోను ఆ డబ్బు తిరిగివ్వాలి. ఓనరు ఇంట్లోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి. నీళ్ళూ కరెంటూ కట్ చేయకూడదు. అటు వైపుకీ న్యాయం ఉంది. గడువు దాటినా కదలనివాళ్ళు మొదటి రెండు నెలలూ రెట్టింపు బాడుగ, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. మా అమ్మలాంటివాళ్ళకి ఇది కొండంత ధైర్యం. అయితే ఏ చట్టమైనా మనకి పనికొచ్చేది మన దగ్గర కాగితం ఉంటేనే.

పేరు లేని మనిషి

ఇక అసలు సంగతి. అగ్రిమెంటు మొగుడి పేరు మీద ఉంది. అతను పెళ్ళాం పిల్లల్ని వదిలేసి ఎటో పోయాడు. ఇంటివాళ్ళకి ఆమె ఎవరు? బెంగుళూరు నుంచి వెళ్ళిన ఇలాంటి కేసులో 2005లో సుప్రీంకోర్టు, భర్త వదిలేసిన భార్య ఆ బాడుగింట్లోనే ఉంటున్నప్పుడు, ఖాళీ చేయించే కేసులో తన తరఫున వాదించుకునే హక్కు ఆమెకుందని చెప్పింది. అయితే భార్యగా ఉన్నంతవరకే. విడాకులయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. ఆ కేసులో ఆమెకి అప్పటికే విడాకులవడంతో ఓడిపోయింది.

అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం, కలిసి కాపురమున్న ఇల్లు సొంతదైనా బాడుగదైనా, అందులో ఉండే హక్కు భార్యకుందని చెప్పింది. ఇల్లు అత్తమామలదైనా ఆ హక్కు అడగొచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి మొగుడి మీదా అత్తింటివాళ్ళ మీదా చూపించుకునే హక్కులు. ఇంటి ఓనరు ముందు నిలబడాలంటే మాత్రం ఇద్దరి పేరునా రాసిన ఒప్పందమే మేలు. 'ఆయన పేరుంటే చాల్లే' అనుకునే చోట, 'నా పేరు కూడా రాయండి' అనడానికి ఖర్చేమీ లేదు.

ఇంటామెలకీ ఇదే మాట. ఇల్లు మీ పేరున ఉంటే ఒప్పందం మీ పేరునే రాయండి. కొడుకు పేరునో మరిది పేరునో రాసి, బాడుగ వాళ్ళ చేతికి పోనిచ్చి, మందులకి వాళ్ళనే చేయి చాచి అడిగే తల్లులు ఆళ్ళగడ్డలోనూ ఉన్నారు, నంద్యాలలోనూ ఉన్నారు.

నా మటుకు నాకు తోచేది ఇది. ఒప్పందంలో నాలుగు ముక్కలు తప్పకుండా రాయించుకుందాం. ఖాళీ చేయాలంటే ఎవరు చెప్పినా మూడు నెలల ముందు రాతలో చెప్పాలి. పిల్లల పరీక్షల ముందూ, ఇంట్లో కాన్పు రోజుల్లోనూ గడువు పొడిగించాలి, ఆ పొడిగించిన రోజులకి బాడుగ తప్పకుండా కట్టాలి. అడ్వాన్సు తాళంచెవి ఇచ్చిన రోజే లెక్కచూసి తిరిగివ్వాలి, కోసిన ప్రతి రూపాయికీ చీటీ ఉండాలి. బాడుగ ఫోన్లోనో బ్యాంకులోనో పంపాలి, చేతికిస్తే రసీదు తీసుకోవాలి. 'మీ మీద నమ్మకం లేకనా' అని ఎవరైనా అంటే, 'నమ్మకం చెడకూడదనే' అని నవ్వుతూ చెబుదాం.

అయినా మాట కుదరకపోతే భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయొచ్చు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు తీర్పంత విలువుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. బాడుగవాళ్ళకీ ఇంటివాళ్ళకీ నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు. కేసు పదేళ్ళు సాగితే గెలిచినవాళ్ళ ఇల్లు కూడా పాడుబడే ఉంటుంది.

ఇల్లు ఇటుకలతో కట్టించుకున్నామెదీ నిజమే, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి పిల్లల్ని పెంచుకున్నామెదీ నిజమే. ఒకరిది ఆస్తి, ఒకరిది కాపురం. రెండూ పోకూడదు. పాలు పొంగించడానికి వారం, వర్జ్యం చూసి, అయ్యవారిని అడిగి తేదీ రాసుకుంటామే! ఖాళీ చేయడానికి కూడా ఒక తేదీ ముందే రాసుకుంటే, ఇటు ఇల్లాలు ఏడవక్కర్లేదు, అటు ఇంటామె నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఏమంటారు?